లాయరు కంటే ముందు గుమ్మం: మీ తగాదాకు ఏ దారి, ఆ దారిలో ఏ న్యాయవాది

“మీకు తెలిసిన మంచి లాయరు ఎవరైనా ఉన్నారా?” అని అడిగేవారికి పేరు చెప్పడం నేను మానేసి చాలాకాలమైంది. దానికి బదులు రెండు ప్రశ్నలు వేస్తాను. అది జరిగింది ఏ తేదీన? చివరికి మీ చేతికి ఏమి రావాలి? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ గుమ్మం తొక్కాలో సగం తేలిపోతుంది. లాయరు ఎవరన్నది ఆ తర్వాతి మాట.

ఈ వరుస నాకు దెబ్బ తిన్నాక తెలిసింది. నేను న్యాయవాదిని కాను. ఒక ఇంటిస్థలం దావాలో వాదిగా కోర్టు వరండాలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాణ్ణి. మా మొదటి లాయరు నిజంగానే పేరున్నవారు. అయితే ఆ పేరు బెయిళ్ళు తేవడంలో వచ్చింది. పక్కింటాయన మా స్థలంలో గోడ లేపుతున్నాడని వెళ్తే, ఆయన ఇంజంక్షన్ (ఆ పని ఆపాలన్న కోర్టు ఉత్తర్వు) కోరుతూ దావా వేశారు, అంతే. ప్రతివాది ‘అసలు స్థలమే నాది’ అని జవాబు దాఖలు చేశాడు. హక్కు మీదే గట్టి వివాదం ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ చాలదని, హక్కు ప్రకటన కూడా కోరాలని సుప్రీంకోర్టు 2008లోనే అనాతుల సుధాకర్ కేసులో వివరంగా చెప్పింది. అది తెలుగు నేల నుంచి వెళ్ళిన కేసే. రోజూ సివిల్ కోర్టులో కూర్చునే ప్లీడరుకు కంఠతా వచ్చే సంగతి. దావాను సవరించుకోవడానికే మాకు రెండేళ్ళు పట్టింది. ఆయన చెడ్డ లాయరు కారు. మా పనికి కావలసిన లాయరు కారు.

## ముందు చూసుకోవలసినవి

అన్నింటికంటే పెద్దది గడువు. న్యాయం మీ పక్కన ఉన్నా తేదీ దాటితే కోర్టు తలుపు మూసుకుంటుంది. చేబదులు ఇచ్చిన డబ్బు, ప్రోనోటు మీద బాకీ, అమ్మకపు ఒప్పందాన్ని అమలు చేయించడం వంటివాటికి 1963 నాటి కాలపరిమితి చట్టం సాధారణంగా 3 ఏళ్ళు ఇస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు మూడో ఏడు నిండకముందే నోటు వెనక చెల్లు వేయించి సంతకం తీసుకుంటారు, లేదా నోటు తిరగరాయించుకుంటారు. కాలదోషం పట్టిన నోటును పట్టుకుని ఎంత పెద్ద లాయరు దగ్గరకు వెళ్ళినా ఆయన చేయగలిగింది తక్కువ. మీ సొంత ఆస్తిని ఇతరులు ఆక్రమించుకుంటే హక్కుదారుగా స్వాధీనం కోరడానికి 12 ఏళ్ళు. వినియోగదారుల ఫిర్యాదుకు 2 ఏళ్ళు.

చెక్కు కేసు గడువు ఇంకా ఇరుకు. చెక్కు చెల్లలేదని బ్యాంకు చెప్పిన 30 రోజుల లోపు లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందాక ఎదుటివారికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే, ఆ 15 రోజులు ముగిసిన నెల లోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు. ‘వచ్చే నెల ఇస్తాను అన్నయ్యా’ అనే మాటను నమ్మి ఈ లెక్క తప్పినవాళ్ళు కోకొల్లలు. నోటీసు పంపండి, ఆ తర్వాత కావాలంటే అన్నదమ్ముల్లా మాట్లాడుకోండి.

మీరే ప్రతివాది అయితే గడియారం సమను అందిన రోజు నుంచి మొదలు. సివిల్ దావాలో జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 వరకు. సమను తీసుకోకుండా తిప్పి పంపడం తెలివి అనుకునేవారు ఉన్నారు. అది మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేయడానికి, అంటే మీరు లేకుండానే కేసు తేల్చేయడానికి, ఎదుటివారికి మీరు పరిచే ఎర్ర తివాచీ.

రెండవది, మీకు కావలసింది ఏమిటి. డబ్బా, ఆస్తా, ఎవరో చేస్తున్న పని ఆగడమా, ఇంటి మనిషి లాకప్ నుంచి బయటికి రావడమా? చాలామంది కోపాన్ని కోరికగా పొరబడతారు. ‘వాణ్ణి జైలుకు పంపాలి’ అని మొదలుపెట్టి, గంట మాట్లాడాక, నా 4 లక్షలు నాకు వస్తే చాలంటారు. ఆ రెండూ వేర్వేరు గుమ్మాలు.

మూడవది కాగితం. రసీదు, ఒప్పందం, బ్యాంకు లావాదేవీ, ఫోను సందేశాలు ఏమి ఉన్నాయో ఒకచోట పెట్టుకోండి. నోటిమాటగా జరిగిన వ్యవహారం రాజీకి ఎంత బాగా నప్పుతుందో విచారణకు అంత బాగా నప్పదు.

నాలుగవది, తీర్పు తర్వాత ఆ మనిషి ముఖం మళ్ళీ చూడాలా అన్నది. అద్దె ఎగ్గొట్టి ఊరు విడిచిపోయినవాడు వేరు, గట్టు పంచుకున్న బాబాయి వేరు. ఇక అయిదవదాన్ని ఎవరూ అడగరు: ఎదుటివారి దగ్గర వసూలు చేసుకోవడానికి ఏమైనా ఉందా? డిక్రీ అంటే కోర్టు తీర్పు కాగితమే, డబ్బు కాదు. డిక్రీ చేతికొచ్చాక కట్టనివాడి మీద ఈపీ (తీర్పు అమలు కోరే పిటిషను) వేయాలి, ఆస్తి చూపించాలి, అటాచ్ (జప్తు) చేయించాలి. దానికి 12 ఏళ్ళ గడువు ఉందంటేనే ఆ పని ఎంత సాగుతుందో ఊహించుకోవచ్చు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఈపీ వేసినవాళ్ళెవరో పుట్టించి ఉంటారు.

## గుమ్మాలు, వాటి తేడాలు

| గుమ్మం | ఎవరికి నప్పుతుంది | లాయరు కావాలా | అప్పీలు |
|---|---|---|---|
| లోక్ అదాలత్ | రాజీకి ఇద్దరూ సిద్ధంగా ఉన్నవారికి | తప్పనిసరి కాదు | లేదు |
| శాశ్వత లోక్ అదాలత్ | కరెంటు, నీరు, టెలిఫోను, రవాణా, ఆసుపత్రి, బీమా వంటి సేవల తగాదాలకు | తప్పనిసరి కాదు | లేదు |
| వినియోగదారుల కమిషన్ | డబ్బిచ్చి కొన్న వస్తువు, సేవలో లోపానికి | తప్పనిసరి కాదు, పెద్ద మొత్తాలకు మంచిది | ఉంది |
| సివిల్ కోర్టు | ఆస్తి హక్కు, పంపకం, బాకీ వసూలు, ఇంజంక్షన్ | ఆచరణలో కావలసిందే | ఉంది |
| పోలీస్ స్టేషన్, క్రిమినల్ కోర్టు | నేరం జరిగినప్పుడు | ఫిర్యాదుకు అక్కర లేదు, నిందితుడికి తక్షణం కావాలి | ఉంది |

పట్టికలో పట్టని సంగతులే అసలైనవి.

లోక్ అదాలత్. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద నడుస్తుంది. కోర్టులో నడుస్తున్న కేసునూ, ఇంకా కోర్టుకెక్కని తగాదానూ అక్కడికి తీసుకెళ్ళవచ్చు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, మీరు కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. బాకీలు, ప్రమాద పరిహారం, చెక్కు కేసులు, భార్యాభర్తల తగాదాలు ఇక్కడ బాగా తెగుతాయి. చట్టం రాజీని ఒప్పుకోని తీవ్రమైన నేరాలకు ఈ దారి లేదు.

ఇందులో ఉన్న సుఖమూ చిక్కూ ఒకటే. అప్పీలు లేదు. ఎదుటివారు పైకోర్టుకు ఈడ్చలేరు, మీరు కూడా ‘తొందరపడ్డాను’ అని వెనక్కి వెళ్ళలేరు. వరుసగా పేర్లు పిలుస్తున్న హడావిడిలో, వెనక నిలబడ్డ బంధువు భుజం తట్టి ‘పెట్టవయ్యా సంతకం’ అంటాడు. అక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీరు దిగగలిగిన చివరి అంకె ఏమిటో ముందురోజు రాత్రి ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. రెండు పక్షాలూ ఒప్పుకోకపోతే కేసు వచ్చిన కోర్టుకే తిరిగి వెళ్తుంది, మీరు పోగొట్టుకునేది ఒక రోజు.

శాశ్వత లోక్ అదాలత్. పేరులో పోలిక ఉంది గానీ స్వభావం వేరు. ఇక్కడ రాజీ కుదరకపోతే, అది నేరానికి సంబంధించినది కానంతవరకు, ఆ సభ్యులే తీర్పు ఇచ్చేస్తారు. కోటి రూపాయల లోపు తగాదాలే తీసుకుంటారు. కోర్టుకు వెళ్ళకముందే రావాలి, ఒకసారి ఇక్కడ దరఖాస్తు పెట్టాక అదే విషయం మీద కోర్టుకు వెళ్ళకూడదు. బీమా సంస్థ క్లెయిము తిరస్కరించినప్పుడు, కరెంటు బిల్లు అన్యాయంగా వచ్చినప్పుడు ఈ దారి ఉన్నట్టే చాలామందికి తెలియదు. కాగితాలు పక్కాగా ఉండి, త్వరగా తేలితే చాలనుకునేవారికి ఇది మంచిది. మొత్తం పెద్దదై, మొదటి తీర్పు తేడాగా వస్తే అప్పీలు హక్కు చేతిలో ఉండాలనుకునేవారు వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళాలి.

వినియోగదారుల కమిషన్. 2019 నాటి కొత్త చట్టం వచ్చాక దీని విలువ పెరిగింది. మీరు నివసించే ఊరు లేదా పనిచేసే ఊరు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, అమ్మినవాడి ఆఫీసు ఢిల్లీలో ఉన్నా సరే. మీరు చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. 5 లక్షల వరకు ఫీజు లేదు. ఫిర్యాదు వేయకముందు 1915 నంబరుకు ఫోను చేస్తే కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి.

మిక్సీ, ఫోను, రద్దయిన టికెట్టు వంటివాటికి లాయరును పెట్టుకోవడం పావలా కోడికి ముప్పావలా మసాలా. తెల్లకాగితం మీద తేదీల వరుసలో రాసి, రసీదులు జతచేసి, మీరే వాదించుకోవచ్చు. ఆసుపత్రి నిర్లక్ష్యం, బిల్డరు అప్పగించని ఫ్లాటు వేరే కథ. వైద్యంలో నిపుణుల అభిప్రాయం కావాలి, ఫ్లాటు విషయంలో రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) దగ్గరకు వెళ్ళాలా కమిషన్‌కు వెళ్ళాలా అన్న ఎంపిక ఉంటుంది. ఆ రెండింటినీ నడిపిన అనుభవం ఉన్న న్యాయవాది అక్కడ డబ్బుకు తగినవారు. ఒక మాట గుర్తుంచుకోండి: వ్యాపారంలో తిరిగి అమ్మడానికి కొన్న సరుకు మీద ఈ గుమ్మం తెరుచుకోదు.

సివిల్ కోర్టు. నెమ్మది, ఖర్చు, వాయిదాలు. ఇవన్నీ నిజమే. అయినా ఆస్తి హక్కును తేల్చగలిగే చోటు వేరే లేదు. ఊరి పెద్దమనుషుల పంచాయతీలో తేల్చుకున్నా, దాన్ని రాతలో పెట్టి, అవసరమైతే రిజిస్టరు చేయించకపోతే పిల్లల తరానికి మళ్ళీ మొదటికొస్తుంది. పంపకం దావాలో కూతుళ్ళ వాటా సంగతి ఇప్పటికీ తప్పుగా చెప్పేవారున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలోనే పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చారు, 2005లో కేంద్ర సవరణ పెళ్ళయినవారికీ విస్తరించింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం జరిగిపోయిన పంపకాలను అది కదిలించదు. ‘ఆడపిల్లకు పెళ్ళిలోనే ఇచ్చేశాం’ అన్నది కోర్టులో దానంతట అదే జవాబు కాదు.

మీ మీద ఎవరో దావా వేసి, మీరు లేకుండానే తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకుంటారన్న అనుమానం ఉంటే కేవియట్ వేయించండి. 90 రోజులు అమలులో ఉంటుంది, మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వరు. చిన్న పని, చిన్న ఖర్చు. దాన్ని తమంతట తాముగా సూచించే లాయరును నేను అదనపు మార్కులు వేసి చూస్తాను. ప్రభుత్వం మీద దావా అయితే సాధారణంగా 2 నెలల ముందు నోటీసు ఇవ్వాలి. వ్యాపారుల మధ్య 3 లక్షలు దాటిన వాణిజ్య తగాదాలో, అత్యవసర ఉత్తర్వు కోరని పక్షంలో, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళి రావాల్సిందే.

పోలీస్ స్టేషన్. ఇక్కడ ఎక్కువమంది తప్పు చేస్తారు. బాకీ వసూలు కోసమో గట్టు కోసమో స్టేషను ఎక్కితే ఎస్సై కేకలేసి తేలుస్తాడని ఆశ. ఒక్కోసారి తేలుతుంది కూడా. కానీ ఎదుటివారూ అదే స్టేషనులో ఎదురు ఫిర్యాదు ఇచ్చిన రోజున, మీ సివిల్ తగాదా కాస్తా ఇద్దరి మీదా క్రిమినల్ కేసుగా మారి కూర్చుంటుంది. నిజంగా నేరం జరిగి ఉంటే మాత్రం వెనకాడవద్దు. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమలులోకి వచ్చాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళవచ్చు. (మోసగాణ్ణి ‘నాలుగువందల ఇరవై’ అనే మన అలవాటుకు ఇక కాలం చెల్లింది. కొత్త భారతీయ న్యాయ సంహితలో ఆ నేరం 318వ సెక్షనులోకి వెళ్ళింది. నోరు తిరగడానికి ఇంకో తరం పడుతుందేమో.)

ఇంట్లో ఎవరినైనా అరెస్టు చేస్తే పై లెక్కలన్నీ పక్కన పెట్టండి. 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణమే ఇచ్చింది. ఆ రాత్రి మీకు కావలసింది ఢిల్లీ స్థాయి పేరు కాదు, ఆ ఊరి మేజిస్ట్రేటు కోర్టులో రోజూ నిలబడే లాయరు, అర్ధరాత్రి ఫోను ఎత్తే లాయరు.

ఇంటి తగాదాలు. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టం కింద పరస్పర అంగీకార విడాకులకు ఏడాది పాటు విడిగా ఉండి ఉండాలి. పిటిషను వేశాక ఉండే 6 నెలల నిరీక్షణను తగిన సందర్భంలో కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ దారికి పోట్లాడే లాయరు కంటే రాయగలిగిన లాయరు కావాలి. పిల్లలు ఎవరి దగ్గర, బంగారం ఎవరిది, కేసుల ఉపసంహరణ ఎప్పుడు అన్నవి ఒక్కటీ వదలకుండా ఒప్పంద పత్రంలో పెట్టగలిగినవారు. భరణమో, గృహహింస నుంచి రక్షణో కావలసినవారు విడాకుల దాకా ఆగనక్కర లేదు, అవి విడిగా కోరవచ్చు.

వృద్ధులైన తల్లిదండ్రుల విషయం చాలామంది సివిల్ కోర్టుకు తీసుకెళ్తారు. 2007 నాటి చట్టం కింద ఆర్డీఓ దగ్గర ట్రైబ్యునల్ ఉంది, లాయరు లేకుండానే దరఖాస్తు పెట్టవచ్చు. చూసుకుంటామన్న షరతుతో పిల్లలకు రాసిచ్చిన ఆస్తిని, వాళ్ళు చూసుకోకపోతే, రద్దు చేయించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. దానపత్రంలో ఆ షరతు రాయించడం మాత్రం ముందే జరగాలి. రాసిచ్చే రోజున ప్రేమతో ఆ ఒక్క వాక్యం వదిలేస్తారు.

## ఇక లాయరు

గుమ్మం తేలింది కనుక వెతుకులాట ఇరుకైంది. ఇప్పుడు మీ ముందు సాధారణంగా నాలుగు రకాలవారు ఉంటారు.

పెద్ద పేరున్నవారు. వారి దగ్గర చట్టం లోతు, జడ్జిల తీరు మీద అవగాహన ఉంటాయి. సమయం ఉండదు. మీ వాయిదాకు ఎక్కువసార్లు వచ్చేది జూనియరే. అది తప్పు కాదు, కానీ ముందే తెలిసి ఉండాలి. మనం మర్యాదకు ‘సీనియర్ లాయరు’ అనేవారు వేరు, హైకోర్టో సుప్రీంకోర్టో హోదా ఇచ్చిన సీనియర్ అడ్వకేట్ వేరు. ఆ హోదా ఉన్నవారు మీ వకాల్తా (మీ తరఫున వాదించే అధికార పత్రం) నేరుగా తీసుకోరు, మరో న్యాయవాది ద్వారానే వాదిస్తారు. అంటే ఇద్దరి ఫీజు. హక్కు మీద తుది వాదనకు, హైకోర్టు అప్పీలుకు అది గిట్టుబాటు. చెక్కు కేసుకు కాదు.

అయిదు నుంచి పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవారు. నా ఓటు ఎక్కువ పనులకు వీరికే. సాక్షిని అడ్డుప్రశ్నలు వేసి ఆడించిన అనుభవం ఉంటుంది, ఫైలు తామే చదువుతారు, ఫోను ఎత్తుతారు.

బంధువు లేదా ఊరివారు. ఫీజు తక్కువ, నమ్మకం ఎక్కువ. చిక్కు ఎక్కడంటే, పని నచ్చకపోతే మార్చలేరు. పెళ్ళిళ్ళలో ఎదురుపడాలి కదా. మీ కుటుంబ ఆస్తి కేసులో రెండు పక్షాలకూ బంధువైన లాయరు దగ్గరకు అసలు వెళ్ళవద్దు.

నాలుగవది ఉచిత న్యాయ సహాయం. ఇది పేదలకు మాత్రమే అనుకోవడం పొరపాటు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, విపత్తు బాధితులు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, ఫోను నంబరు 15100. మనిషిని బట్టి నాణ్యత మారుతుందన్నది నిజం. అది డబ్బిచ్చి పెట్టుకున్న లాయరుకూ వర్తిస్తుంది. భరణం, గృహహింస, బెయిలు వంటి పనులకు నేను మొగ్గు చూపేది ఇటువైపే. కేటాయించిన న్యాయవాది పట్టించుకోకపోతే ఆ కార్యాలయంలోనే చెప్పి మార్పించుకోవచ్చు. కోట్ల విలువైన, పాతికేళ్ళ లింకు పత్రాలు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు) ఉన్న భూమి కేసుకు మాత్రం ఆ విషయంలో ఆరితేరినవారిని సొంతంగా వెతుక్కోవడమే మేలు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి? మన దేశంలో న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. కనుక ‘నంబర్ వన్’ అని మెరిసే పేరును చూసి వెళ్ళడంలో అర్థం లేదు. నాకు తెలిసిన మంచి పద్ధతి ఒకటే: ఆ కోర్టుకు వెళ్ళి ఒక పూట వెనక బెంచీలో కూర్చోండి. ఎవరు ఫైలు చదివి వచ్చారో, ఎవరు ‘టైము ఇప్పించండి’ అంటున్నారో రెండు గంటల్లో తెలిసిపోతుంది.

## మొదటి మాటలు, ఫీజు, తర్వాతి నిఘా

మొదటి కలయికలో మీరు అడిగే ప్రశ్నల కంటే ఆయన అడిగేవి ముఖ్యం. తేదీలు అడిగారా? మీకు ఇబ్బంది కలిగించే కాగితం ఏమైనా ఉందా అని అడిగారా? ఎదుటివారు ఏమంటారో మీ నోట చెప్పించారా? ఇవేవీ లేకుండా ‘గెలుపు మనదే’ అన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. జడ్జిగారు తెలుసు అన్నవారికి ఆ నమస్కారం కూడా వద్దు. మీరు మాత్రం ఏదీ దాచవద్దు. మీరు చెప్పినది బయటపెట్టకూడదన్న బంధం చట్టమే ఆయన మీద వేసింది.

ఫీజు మూడు రకాలుగా మాట్లాడుకుంటారు: మొత్తం కేసుకు ఒకే ముద్ద, వాయిదాకు ఇంత, దశకు ఇంత. ముద్ద ఫీజులో మీకు లెక్క తెలుస్తుంది గానీ సగం పైకం ముందే చేతులు మారితే లాయరుకు తొందర తగ్గవచ్చు. వాయిదా లెక్కలో ప్రతి వాయిదా మీ జేబుకు చిల్లే, వాయిదా పడితే బాధపడేది మీరొక్కరే. దావా దాఖలుకు కొంత, సాక్ష్యానికి కొంత, వాదనకు కొంత అనే దశల పద్ధతి నాకు నచ్చింది. కోర్టు ఫీజు, టైపింగు, నకళ్ళు, గుమస్తా ఖర్చులు అందులో ఉన్నాయా విడిగానా అన్నది మొదటిరోజే రాసుకోండి. రోడ్డు ప్రమాద పరిహారంలో ‘మీరేమీ ఇవ్వక్కర్లేదు, వచ్చినదాంట్లో ఇంత శాతం’ అనే బేరం వినసొంపుగా ఉంటుంది. కేసు ఫలితం మీద ఫీజు పెట్టుకోవడం, వచ్చినదాంట్లో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం.

ఒరిజినల్ పత్రాలు ఇచ్చేటప్పుడు జాబితా రాసి సంతకం తీసుకోండి, నకళ్ళు ఇంట్లో ఉంచుకోండి. తెల్లకాగితాల మీద సంతకాలు వద్దు. కేసు నంబరు పడగానే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి తీసుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో దాన్ని కొడితే వాయిదా ఎప్పుడు, నిన్న ఏమి జరిగింది మీకే కనిపిస్తుంది. ‘జడ్జిగారు సెలవు’ అన్న మాట నిజమో కాదో ఎవరినీ అడగనక్కర లేదు.

లాయరును మార్చుకునే హక్కు మీకెప్పుడూ ఉంది. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకు కూర్చోవడం కుదరదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలోనే చెప్పింది. బాకీ ఉంటే ఆయన వేరుగా వసూలు చేసుకోవాలి. నడవడి మీద ఫిర్యాదు ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రాయాలి, వినియోగదారుల కమిషన్‌కు కాదు. న్యాయవాదుల సేవ ఆ చట్టం కిందికి రాదని 2024 మేలో తేలిపోయింది. సాక్ష్యం మధ్యలో మాత్రం, మరీ తప్పకపోతే తప్ప, మార్చవద్దు. కొత్తవారు సాక్షుల వాంగ్మూలాలన్నీ మొదటి నుంచి చదువుకోవాలి, ఆ ఆలస్యం మీ ఖాతాలోనే పడుతుంది.

మా స్థలం కేసులో రెండవ లాయరు దగ్గరకు వెళ్ళిన రోజున నేను వకాల్తా మీద సంతకం పెట్టడానికి పెన్ను తీసి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ ఆ కాగితం ముట్టుకోలేదు. మా నాన్నగారి కొనుగోలు పత్రం తిరగేసి, దానికి ముందున్న లింకు పత్రం ఏది అని అడిగారు. ఇంట్లో ఎక్కడో ఉండాలన్నాను. “30 ఏళ్ళకు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), ఆ లింకు పత్రం సర్టిఫైడ్ కాపీ, ఇంటిపన్ను రసీదులు తీసుకుని సోమవారం రండి. అవి చూశాక కేసు తీసుకోవాలో లేదో చెప్తాను” అన్నారు. ఆ పూటకు ఫీజు అడగలేదు. నేను నేరుగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను.